ఉప్పాడ చీరలో ముంబై ఫ్యాషన్ వీక్‌కి

లక్మే ఫ్యాషన్ వీక్‌ని దగ్గర నుంచి చూడాలని కాలేజీ రోజుల నుంచీ నా కోరిక. 2025 మార్చిలో, దాని 25 ఏళ్ల పండుగప్పుడు అది తీరింది. మా పిన్ని కూతురు ముంబైలో ఒక డిజైనర్ దగ్గర పనిచేస్తుంది. "అక్కా, ఒక పాస్ ఉంది, వస్తావా?" అని అది అడగడమే ఆలస్యం, రైలు టికెట్ తీసేశాను.

మధ్యాహ్నం నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దాదర్. షోలు జరిగే బీకేసీలో (బాంద్రా కుర్లా కాంప్లెక్స్) హోటళ్ల రేట్లు మనవల్ల కావు కాబట్టి మరోల్‌లో గది తీసుకున్నాను. మరోల్ నాకాలో ఆక్వా లైన్ మెట్రో ఎక్కితే రైలు మారకుండా బీకేసీ స్టేషన్‌లో దిగొచ్చు. చీర నలగకుండా, చెమట పట్టకుండా వెళ్లడానికి అంతకంటే మంచి దారి లేదు.

గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. ఇస్త్రీ దగ్గరే గుండె ఆగినంత పనైంది. నాది అమ్మ ఇచ్చిన ఉప్పాడ జాందానీ, నేతలోనే పువ్వులు వేసే పట్టుచీర. హోటల్ కుర్రాడు వేడి ఫుల్లుగా పెట్టి ఇస్త్రీపెట్టెని సరాసరి జరీ మీదే ఆనించబోయాడు. చటుక్కున చీర లాక్కుని, పైన పల్చటి నూలుగుడ్డ పరిచి నేనే చేసుకున్నాను. పట్టుచీర తీసుకెళ్లేవాళ్లు ఇంటి దగ్గరే ఇస్త్రీ చేయించి, పాత పంచెలో చుట్టి పెట్టుకోండి.

షో జరిగే జియో వరల్డ్ కన్వెన్షన్ సెంటర్ లాబీలో అరగంట ఊరికే నిలబడ్డాను. కెమెరాల ముందు ఆగి పల్లూ సర్దుకునేవాళ్లు, నూలు చీర మీద మగవాళ్ల కోటు వేసుకుని దర్జాగా నడిచొచ్చిన ఓ పెద్దావిడ. ఆవిడ మీద నుంచి నాకు చూపు తిప్పుకోబుద్ధి కాలేదు.

హాల్లో దీపాలన్నీ ఆరిపోయాయి. ఒక్క తెల్లటి వెలుగు పడింది. మొదటి మోడల్ పల్చటి జాందానీ చీరలో నడిచి వస్తుంటే గుడ్డ కనపడకుండా పువ్వులు మాత్రం గాల్లో తేలుతున్నట్టు అనిపించింది. నాకు కళ్లు చెమర్చాయి. ఆ పువ్వు తర్వాత కుట్టింది కాదు. పడుగు పోగులు లెక్కపెట్టుకుంటూ, ఒక్కో పువ్వుకి విడిగా దారం చేత్తో చొప్పించి నేస్తారు. ఉప్పాడలో ఒక్క మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయడం చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. అన్ని నెలల పని ఆ వెలుగులో అరనిమిషం కనపడి వెళ్లిపోయింది. షో మొత్తం ఇరవై నిమిషాలే. అయినా ఇంత దూరం వచ్చినందుకు ఒక్క క్షణం కూడా బాధపడలేదు.

బయటికొచ్చేసరికి చివరి మెట్రో వెళ్లిపోయింది. బీకేసీలో ఆటోలు దొరుకుతాయి కాబట్టి మరోల్‌కి ఇబ్బంది పడలేదు. దాదర్, కొలాబా వైపు బస చేసేవాళ్లకి మాత్రం టాక్సీయే గతి. ఆటోలు అటు రావు.

మర్నాడు పొద్దున్నే మాటుంగా స్టేషన్ పక్కన రామాశ్రయలో ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ. 1939 నాటి హోటల్, సర్వర్లు చకచకా తిరుగుతుంటారు, సాంబారు అమృతం. కాఫీ తాగుతూ అమ్మకి ఫోన్ చేశాను. లాబీలో ఆ కోటు పెద్దావిడ నా కొంగు తిరగేసి, వెనకవైపు నేత వేలితో తడిమి చూసి "ఇది ఎక్కడిది?" అని అడిగిందని చెప్పాను. "ఉప్పాడ అని చెప్పావా?" అంది అమ్మ. ఊరి పేరు ఆవిడ ఫోన్‌లో రాసుకునేదాకా పక్కనే నిలబడ్డాను.