నాలుగేళ్ల వీడియో క్యాప్చర్: ఖర్చు ఎక్కడ పెట్టాలో ఆలస్యంగా తెలిసింది

కెమెరా నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా నేరుగా కంప్యూటర్‌లోకి పాఠాలు రికార్డు చేసే పని నాలుగేళ్లుగా చేస్తున్నాను. ఇన్నాళ్లలో కెమెరా సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అందించే క్యాప్చర్ పరికరాన్ని ఒకసారి, డిస్కును రెండుసార్లు మార్చాను. అన్నింటికంటే ఎక్కువ డబ్బు పోసిన ప్రాసెసర్‌ను మాత్రం మార్చవలసిన అవసరం రాలేదు. అసలు అంత పెద్దది కొనకపోయినా సరిపోయేది.

మొదట కొన్నది వేలెడంత యూఎస్‌బీ 2.0 పరికరం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 4కె అని ఉంది. అది లోపలికి తీసుకునే సిగ్నల్ సంగతి మాత్రమేననీ, కంప్యూటర్‌కు అందేది 1080పీ అనీ లోపలి కాగితంలో చిన్న అక్షరాలతో రాశారు. 1920×1080 దృశ్యాన్ని సెకనుకు 60 ఫ్రేముల చొప్పున, 8 బిట్ 4:2:2లో (వెలుగు వివరం పూర్తిగా, రంగు వివరం సగం ఉంచే పద్ధతి) ఇంకేమీ కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 249 మెగాబైట్లు పారాలి. యూఎస్‌బీ 2.0కు కాగితం మీద ఉన్న వేగమే 60 మెగాబైట్లు. అందుకని అది ప్రతి ఫ్రేమునూ జేపెగ్ బొమ్మలా కుదించి పంపుతుంది. మనిషి ముఖంలో ఈ తేడా కనిపించదు. నల్లని తెర మీద చిన్న ఎర్ర అక్షరాలు చూపినప్పుడు మాత్రం అంచులు తడి కాగితం మీది సిరాలా పాకి, ‘థ’ లోపలి చుక్క కరిగిపోయి ‘ధ’ అయి కూర్చునేది. ఏడాది తరువాత కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డుకే తగిలించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ క్యాప్చర్ కార్డు వేసుకున్నాక ఆ చుక్క తిరిగి వచ్చింది.

నన్ను ఎక్కువగా ఏడిపించింది డిస్కు. ఎడిటింగ్ ఎక్కువగా ఉండే పాఠాలను నాణ్యత నష్టపోని కుదింపుతో రికార్డు చేసేవాణ్ణి. వాటికి సెకనుకు సుమారు 100 మెగాబైట్లు పట్టేవి. హార్డ్ డిస్కు ఖాళీగా ఉన్నన్నాళ్లూ నెట్టుకొచ్చింది గాని, నిండేకొద్దీ రాత పళ్లెం లోపలి వలయాలకు చేరి వేగం సగానికి పడిపోయింది. చవకగా వచ్చిందని కొన్న క్యూఎల్‌సీ ఎస్‌ఎస్‌డీ (ఒక్కో గడిలో నాలుగు బిట్లు ఇరికించే రకం) ఇంకా మోసం చేసింది: గంటన్నర పాఠంలో 38వ నిమిషం దాకా నిక్షేపంగా రాసి, వేగంగా రాసే క్యాష్ భాగం నిండగానే చతికిలబడింది. ఆ తరువాతి భాగంలో నా చెయ్యి బోర్డు మీద గెంతులు వేస్తున్నట్టు ఉంటుంది. ప్రకటనలో చూపే గరిష్ఠ వేగాన్ని కాక, గంటసేపు ఆగకుండా రాసినప్పుడు నిలిచే వేగాన్ని చూసి మూడోది కొన్నాను. అది ఇంతవరకు ఒక్క ఫ్రేము కూడా వదల్లేదు.

మామూలు పాఠాలకు ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డులో వీడియోను కుదించే భాగమైన ఎన్‌కోడర్‌నే వాడుతున్నాను. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున గంటకు 22.5 గిగాబైట్లు అవుతుంది, ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటుంది. ఇదివరకు ఆ పని ప్రాసెసర్‌కు అప్పగించినప్పుడు ఫ్యాను హోరు మైకులో పడి, నాణ్యత కోసం పడ్డ పాట్లే శబ్దాన్ని పాడుచేసేవి. ర్యామ్ 16 జీబీ ఉంది, చాలుతోంది.

క్యాప్చర్ కార్డుతో ఒక ఇబ్బంది ఉంది: ల్యాప్‌టాప్‌కు పనికిరాదు. బయట రికార్డింగ్ ఉన్నప్పుడు ఆ వేలెడంత పరికరమే సంచిలో వేసుకుంటాను. వెళ్లే ముందు పాఠంలోని ఎర్ర అక్షరాలన్నిటినీ తెల్లగా మార్చుకుంటాను.