హాల్లో 75 గ్యాలన్ల సముద్రం: ఆరేళ్ల తర్వాత నా అనుభవం

సముద్రపు చేపలు, పగడాలు పెంచే మా ట్యాంకులో మొదటిసారి ఉప్పునీళ్లు పోసింది 2019 సెప్టెంబరులో. ఆరేళ్లు దాటింది. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఇంటికొచ్చిన వాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే: "మేమూ పెట్టుకోవచ్చా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, జరిగినవన్నీ ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను.

ముందే నా మాట చెప్పేస్తాను. పెట్టుకోవచ్చు. మా ఇంట్లో ఇంతకన్నా అందమైన వస్తువు లేదు. కాకపోతే చేపల మీద, పగడాల మీద ఉన్న మోజు నీళ్ల మీద కూడా ఉండాలి. మా నాన్నకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. "నీళ్లు నిలబడితే సరుకు నిలబడుతుంది" అని ఆయన అంటుంటే వింటూ పెరిగాను. ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం ఈ ట్యాంకు పెట్టాకే.

మాది 75 గ్యాలన్ల ట్యాంకు. నాలుగు అడుగుల పొడవు, సుమారు 284 లీటర్లు. కింద స్టాండులో సంప్ అనే ఇంకో చిన్న తొట్టె, అందులో మురికిని నురగలా తీసేసే స్కిమ్మర్, హీటర్లు, నీళ్లని మళ్లీ పైకి పంపే రిటర్న్ పంపు. అద్దం, రాళ్లు, నీళ్లు అన్నీ కలిపితే 400 కిలోలకి దగ్గర. ఇక్కడి ఇళ్లకి కింద కాంక్రీటు స్లాబు కాబట్టి భయపడలేదు. మేడ మీద అపార్ట్‌మెంట్ అయితే మాత్రం ఈ బరువు గురించి తెలిసినవాళ్లని అడక్కుండా కొనొద్దు. ఊరు మారుతున్న ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, గరాజ్‌లో వారం రోజులు మామూలు నీళ్లు నింపి ఉంచాం. కారడం లేదని తేలాకే హాల్లోకి తెచ్చాం.

మొదటి పొరపాటు నీళ్ల దగ్గరే జరిగింది. దగ్గర్లోని ఒక షాపులో "కుళాయి నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు వేస్తే చాలు" అన్నారు, నమ్మాను. మూడు నెలలు తిరిగేసరికి రాళ్ల మీద జడలు జడలుగా పచ్చ నాచు. టెస్టు చేస్తే ఫాస్ఫేట్ బాగా ఎక్కువగా ఉంది. అప్పుడు ఆర్ఓ-డీఐ ఫిల్టర్ కొన్నాను. తాగే నీళ్ల ఆర్ఓకి దీనికి తేడా ఏమిటంటే, చివర్లో డీఐ రెజిన్ ఉంటుంది, మిగిలిన లవణాల్ని కూడా అది లాగేస్తుంది. బయటికొచ్చే నీళ్ల టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, సున్నా చూపించాలి. మా వైపు కుళాయి నీళ్లలో క్లోరమైన్ కలుపుతారు కాబట్టి కార్బన్ బ్లాక్ కూడా దానికి తగ్గదే వేసుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లైటు కంటే ముందు కొనాల్సింది ఈ ఫిల్టర్.

ఉప్పు కలపడం తేలికే. గ్యాలనుకి ఇంచుమించు అరకప్పు. నీళ్లలో ఉప్పు వెయ్యాలి గానీ ఉప్పు మీద నీళ్లు పొయ్యకూడదు, అలా చేస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుక్కి దిగిపోతుంది. పంపు పెట్టి ఒక రాత్రంతా తిప్పి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు) చూసుకుంటాను. ఆ రిఫ్రాక్టోమీటర్‌ని కూడా 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోవాలి. నాది చాలాకాలం రెండు పాయింట్లు ఎక్కువ చూపించింది. నేను 35 అనుకుంటున్న నీళ్లు నిజానికి 33. పగడాలు ఎందుకు విప్పారడం లేదో తెలియక ఎంత టెన్షన్ పడ్డానో.

ఆవిరయ్యేది మంచినీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. మా ఇంట్లో రోజుకి గ్యాలను దాకా ఆవిరవుతుంది. అంతే ఆర్ఓ-డీఐ నీరు తిరిగి పొయ్యాలి. మొదట్లో చేత్తో పోసేదాన్ని. ఒక వారాంతం ఊరెళ్లి వచ్చేసరికి రిటర్న్ పంపు గాలి పీలుస్తూ గొణుగుతోంది. ఆ వారమే తగ్గిన నీటిని దానంతటదే పోసే ఆటో టాప్-ఆఫ్ పెట్టించాను. నేను పెట్టిన డబ్బుల్లో బాగా గిట్టుబాటైంది అదే.

రాళ్లు ముప్పై కిలోల దాకా, అన్నీ ఎండువే. చేపల వ్యర్థాల్ని విరగ్గొట్టే బాటిల్ బ్యాక్టీరియా వేసి, అది నిలదొక్కుకునేదాకా ఐదు వారాలు ఆగాను. అమ్మోనియా లేచి పడింది, తర్వాత నైట్రైట్ లేచి పడింది, చివరికి నైట్రేట్ కనపడింది. ఆ ఐదు వారాలూ హాల్లో వెలుగుతున్న ఖాళీ నీళ్లని చూస్తూ కూర్చోవాలి. మా ఆయన "ఇంత ఖర్చు పెట్టి రాళ్లు పెంచుతున్నావా" అనేవాడు. ఆరో వారంలో రెండు క్లౌన్ చేపలు వచ్చాయి, హేచరీలో పుట్టినవి. క్లౌన్లన్నీ మగవిగానే పుడతాయి. జతలో పెద్దది ఆడదిగా మారుతుంది. మా ఇంట్లో అది కళ్లముందే జరిగింది. ఏడాది తిరిగేలోపు ఒకటి రెండింతలైంది. రెండోది దాని ముందు ఒళ్లంతా వణికించి "నువ్వే పెద్ద" అని ఒప్పుకునేది.

చేపల్ని తెచ్చేటప్పుడు నేను చేసిన తప్పుకి ఇప్పటికీ బాధపడతాను. 2020 చివర్లో ఒక టాంగ్ చేపని కొని, క్వారంటైన్ చెయ్యకుండా నేరుగా వదిలేశాను. పది రోజుల్లో దాని రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి "నాన్నా, వైట్ స్పాట్ వచ్చింది" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. 1990ల మధ్యలో వైట్ స్పాట్ వైరస్ మన వైపు చెరువుల్ని ఎలా తుడిచిపెట్టిందో చూసిన మనిషి. ఇది ఆ వైరస్ కాదని, చేపల చర్మంలో దూరే ఒక పరాన్నజీవి అని, పేరు మాత్రమే ఒకటని చెప్పాకే ఆయన ఊపిరి తీసుకున్నారు.

దీనికి మందు రాగి. కానీ రాగి తగిలితే పగడాలు, రొయ్యలు, నత్తలు బతకవు. కాబట్టి చేపలన్నిటినీ పట్టి వేరే తొట్టెలో పెట్టి రాగి మందు వెయ్యాలి. పెద్ద ట్యాంకుని 76 రోజులు చేప అన్నది లేకుండా వదిలెయ్యాలి, పట్టుకోవడానికి చేప దొరక్క ఆ జీవి చచ్చిపోయేదాకా. అప్పటికి మాకున్న ఐదు చేపల్లో మిగిలినవి క్లౌన్లు రెండే. అప్పట్నుంచి ఏ చేపైనా నెల రోజులు గరాజ్‌లోని చిన్న తొట్టెలో ఉండాల్సిందే.

ఆ చేపలు వేరే తొట్టెలో ఉండగానే 2021 ఫిబ్రవరి వచ్చింది. టెక్సస్‌లో ఉన్నవాళ్లెవరూ ఆ వారం మర్చిపోరు. డాలస్‌లో ఫారన్‌హీట్ సున్నాకి రెండు డిగ్రీలు కిందికి పోయింది. మా వీధికి కరెంటు ముప్పై గంటలు లేదు. పంపులు ఆగాక హాల్లో పడిన నిశ్శబ్దం నాకింకా చెవుల్లో ఉంది. నేను గ్యాస్ స్టవ్ మీద నీళ్లు కాచి సీసాల్లో పోసి ట్యాంకులో తేలేస్తున్నాను. అప్పుడు వాట్సాప్‌లో నాన్న: "అమ్మాయ్, ముందు గాలి సంగతి చూడు. వేడి తర్వాత. చల్లటి నీళ్లు ఊపిరిని బాగానే పట్టుకుంటాయి, కదలకపోతేనే కష్టం." చెరువు మీద కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ వేసి ఏరేటర్లు తిప్పకపోతే రొయ్యలు తేలిపోతాయి. ఆయనకి అది ఒంట్లో ఇంకిపోయిన లెక్క. బ్యాటరీ ఎయిర్ పంపు ఒక్కటే ఉంటే చేపల తొట్టెలో పెట్టాం. పెద్ద ట్యాంకులో నేనూ మా ఆయనా, మధ్యలో మా వాడూ, వంతులేసుకుని గిన్నెతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చున్నాం. ట్యాంకు చుట్టూ బొంతలు కప్పాం. నీళ్ల వేడి 78 ఫారన్‌హీట్ నుంచి 66కి దిగింది. టార్చ్ కోరల్ అనే పగడం పోయింది. మిగిలినవి వారం పాటు ముడుచుకునే ఉండి, తర్వాత మెల్లగా విప్పారాయి.

ఆ టార్చ్ పోయినందుకు ఏడ్చాను. 2018లో ఇండోనేషియా పగడాల ఎగుమతి ఆపేశాక ఇక్కడ వాటి ధర మండిపోయిన రోజుల్లో, నెలనెలా దాచి కొన్న మొక్క అది. మొక్క అంటున్నాను గానీ జంతువే. ఒంట్లో దాచుకున్న నాచు వెలుగు తిని దానికి తిండి పెడుతుంది. ఇప్పుడు ట్యాంకులో నీళ్లు కదిలించే వేవ్‌మేకర్‌కి బ్యాటరీ బ్యాకప్ ఉంది. కరెంటు పోయే ఊళ్లో ఉన్నవాళ్లు దీన్ని మొదటి రోజే కొనాలి.

వేడి వల్ల కూడా దెబ్బ తిన్నాం. 2022 జులైలో ఒక పొద్దున్న అద్దం మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. హీటర్ ఆన్‌లోనే ఇరుక్కుపోయి 88కి పట్టుకెళ్లింది. బర్డ్స్‌నెస్ట్ కోరల్ మధ్యాహ్నానికల్లా తెల్లటి ఎముక. ఏ హీటరైనా ఎప్పుడో ఒకప్పుడు చెడుతుంది. అందుకే పెద్దది ఒకటి కాకుండా చిన్నవి రెండు పెట్టుకుని, వాటిని బయటి కంట్రోలర్‌కి తగిలించాలి.

నాచు గురించి కొంచెం. మొదటి ఏడాది గోధుమ రంగు, తర్వాత పచ్చ, తర్వాత ఊదా రంగు కోరలైన్ వస్తాయి, వాటికి కంగారు పడక్కర్లేదు. నన్ను నిజంగా ఏడిపించింది డైనోలు, అంటే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు. పచ్చ నాచు పోవాలన్న పంతంతో ఫాస్ఫేట్ తీసేసే మందు ఎక్కువ వేశాను. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడిపోయాయి. ఇసక మీద బుడగలు పట్టిన చీమిడి లాంటి తెర. ఎంత తుడిస్తే అంత. మందు ఆపి, మేత పెంచి, నైట్రేట్ ఐదుకి తెచ్చి, నీళ్లలోని సూక్ష్మజీవుల్ని చంపే యూవీ లైటు పెట్టాక రెండు నెలలకి వదిలింది. మరీ శుభ్రమైన నీళ్లు కూడా రోగమే అని అప్పుడు తెలిసింది.

2023 వేసవిలో నాన్న ఆరు నెలలుండటానికి వచ్చారు. మొదటి శనివారం నేను ఆల్కలినిటీ (నీళ్ల క్షారత) టెస్టు చేస్తుంటే పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చిన్న గాజు సీసాలో ట్యాంకు నీళ్లు, రెండు చుక్కల రంగు మందు, నీలం పచ్చ కలిసిన రంగు వచ్చింది. సిరంజితో చుక్క చుక్క యాసిడ్ వేస్తూ తిప్పుతున్నాను. ఒక్క చుక్క దగ్గర రంగు గులాబీకి తిరిగింది. "ఆగు, అదే" అన్నారు నాకంటే ముందు. సిరంజి చూసి 8.4 అన్నాను. ఇక్కడి కొలత వేరు, ఒక్కో డిగ్రీ దాదాపు 18 పీపీఎం అని చెబితే నోటి లెక్క వేసి, "అంటే నూట యాభై. మన చెరువుకీ అదే మంచి లెక్క" అన్నారు. మొహం వెలిగిపోయింది. ఉప్పు 35 అని విన్నప్పుడు మాత్రం నోరు తెరిచారు. చెరువుల్లో పెంచే వెనామీ రొయ్య 15 ఉన్నా బాగా పెరుగుతుంది మరి.

అప్పటి నుంచి ఆయన ఉన్న ఆరు నెలలూ ఆ టెస్టు ఆయనే చేశారు, నోటు పుస్తకంలో తేదీ వేసి రాసి మరీ. మేత కూడా తగ్గించారు. చెరువులో చెక్ ట్రే చూసి మేత తేల్చినట్టు, చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే. పగడాలు బాగా పెరిగింది ఆ ఆరు నెలల్లోనే. నా అంకెలు అంతకుముందు కూడా పెద్ద తప్పుగా లేవు, కాకపోతే ఒక వారం 7, ఒక వారం 10. ఆయన చేతిలో 8.2కీ 8.6కీ మధ్యే ఉంది. కాల్షియం 430, మెగ్నీషియం 1350 దగ్గర ఉంచితే చాలు, అవి అంత తొందరగా కదలవు.

కొత్తవాళ్లు ఏ పగడాలు తేవాలి? మష్రూమ్స్, జోవాంథిడ్స్, డంకన్. అవి ఆర్నెల్లు బాగుంటే హ్యామర్. దాని పక్కన ఒక జానెడు ఖాళీ వదలండి, రాత్రిపూట పొడవాటి తీగలు చాచి పక్కవాటిని కాలుస్తుంది. జోవాల విషయంలో ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. కోసేటప్పుడు గ్లౌజులు, కళ్లజోడు తప్పనిసరి. అవి ఉన్న రాళ్లని వేడినీళ్లలో ఎప్పుడూ మరిగించొద్దు, ఆ ఆవిరి పీలిస్తే ఇంట్లో అందరూ ఆస్పత్రి పాలవుతారు.

ఇండియాలో ఉన్న చుట్టాలు వీడియో చూసి అడుగుతుంటారు. అక్కడ సముద్రంలో రీఫ్ కట్టే గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. కొనడం, అమ్మడం, ఏరుకు రావడం నేరం. అక్కడ ఉన్నవాళ్లు కృత్రిమ రాళ్లతో, హేచరీ క్లౌన్లతో చేపల ట్యాంకు పెట్టుకోండి. క్లౌన్ చేపల్ని తొట్లలో పెంచే పద్ధతిని మన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కూడా తయారుచేశారు. సముద్రంలో పట్టిన చేపకంటే అది ఇంట్లో హాయిగా బతుకుతుంది. నేను కూడా ఇప్పుడు హేచరీవే కొంటున్నాను, పగడాలు తోటివాళ్ల ట్యాంకుల్లో కోసిన ముక్కలే తెస్తున్నాను.

ఖర్చు: మొదలుపెట్టడానికి సెకండ్ హ్యాండ్ సామాన్లతోనే 2,500 డాలర్లు దాటింది. ఇప్పుడు కరెంటు, ఉప్పు, ఫిల్టర్లు, మేత కలిపి నెలకి 70 డాలర్ల దాకా. పని వారానికి మూడు గంటలు.

అంత పనీ ఎందుకంటే, కింద ఎడమ మూలకి రండి. ఇసకలో ఒక బొరియ. పిస్టల్ రొయ్య బుల్డోజర్‌లా ఇసక తోసుకుంటూ బయటికొస్తుంది. దానికి కళ్లు సరిగ్గా కనపడవు. గుమ్మంలో పసుపు గోబీ చేప కాపలా. రొయ్య మీసం ఒకటి ఎప్పుడూ ఆ చేప తోక మీదే ఆని ఉంటుంది. ఎవరైనా అద్దం దగ్గరికి విసురుగా వస్తే చేప తోక ఒక్కసారి ఆడిస్తుంది, అంతే, రెండూ లోపల. మా వాడు హోంవర్క్ పుస్తకం పట్టుకుని ఆ మూలే కూర్చుంటాడు.

ఈ శనివారం హ్యామర్‌లో రెండు తలలు కోసి పక్క వీధిలోని గుంటూరు వాళ్లకి ఇవ్వాలి. వాళ్ల ట్యాంకు పెట్టి ఏడు నెలలైంది. ముందు వాళ్ల నీళ్లు ఒక సీసాలో తెమ్మన్నాను. నాన్న ఫోన్‌లో అడిగారు, ఆల్కలినిటీ ఎంతుందో చూసి చెప్పమని.