“లీటరు పల్లీ నూనె” పేరుతో 800 గ్రాముల మిశ్రమ నూనె అమ్ముతున్నారు, చూసి కొనండి

ఆవకాయలు పెట్టే కాలంలో ప్రతి ఇంట్లోనూ నూనె ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. నెల బడ్జెట్‌లో నాలుగు రూపాయలు మిగులుతాయన్న ఆశతో తగ్గింపు ధర ఎక్కడ కనిపిస్తే అక్కడ కొంటాం. సరిగ్గా ఈ అవసరాన్నే ఆసరాగా చేసుకుని కొన్ని దుకాణాలు అటు లీటరూ కాని, ఇటు పూర్తిగా పల్లీ నూనే కాని ప్యాకెట్లను “లీటరు పల్లీ నూనె” అన్న బోర్డు కింద పేర్చి అమ్ముతున్నాయి. మాకు ఎదురైన అనుభవం ఇంకొకరికి ఎదురు కాకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

హైదరాబాద్‌లో మా కాలనీకి దగ్గర్లో ఉన్న ఒక పెద్ద కిరాణా దుకాణంలో, లోపలికి అడుగు పెట్టగానే కనిపించేలా నూనె ప్యాకెట్లను కుప్పగా పోశారు. పైన వేలాడదీసిన అట్ట మీద “పల్లీ నూనె 1 లీ. రూ.145 మాత్రమే” అని పెద్ద అక్షరాలతో ఉంది. పక్క అరలోనే మరో కంపెనీ పల్లీ నూనె లీటరు రూ.160కి ఉంది. ప్యాకెట్‌కు 15 రూపాయలు తేడా కాబట్టి ఆవకాయకు కావలసినన్ని ప్యాకెట్లు ఆ కుప్పలోంచే తీసుకున్నాం. ప్యాకెట్ ముందు భాగమంతా పొట్టు తీయని పల్లీకాయల బొమ్మ, దాని పక్కన బంగారు రంగు నూనె ధార ఉన్నాయి.

మా అత్తమ్మ పచ్చడి విషయంలో కొలత తప్పనివ్వరు. ముక్కలకు ఇంత కారం, ఇంత ఉప్పు, ఇంత ఆవపిండి, ఇంత నూనె అని ముందే లెక్క వేసుకుంటారు. ప్యాకెట్ కత్తిరించి, కొలత గీతలున్న జగ్గులో పోస్తే నూనె లీటరు గీతను చేరలేదు. చివరి చుక్క వరకూ పిండినా 880 మిల్లీలీటర్ల దగ్గరే ఆగిపోయింది. ప్యాకెట్ కారిందేమోనని మొదట అనుకున్నాం. రెండో ప్యాకెట్ పోసినా నూనె అదే గీత దగ్గర నిలిచింది. అప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పి, అతుకు పక్కన ఉన్న సన్నని అక్షరాలను చదివితే రెండు సంగతులు బయటపడ్డాయి. నికర బరువు 800 గ్రాములు. లోపల ఉన్నది “మల్టీ సోర్స్ ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్”, అంటే పామోలిన్ 80 శాతం, పల్లీ నూనె 20 శాతం కలిపిన మిశ్రమం.

బిల్లుతో సహా దుకాణానికి వెళ్లి అడిగితే కౌంటర్ దగ్గరున్న అతను, “మేడం, లీటరు ప్యాకెట్ అని అందరూ వాడుకగా అంటారు. గ్రాములు వెనకాల రాసే ఉన్నాయి కదా” అన్నాడు. విప్పిన ప్యాకెట్లను వెనక్కి తీసుకోరట. విప్పనివాటికి డబ్బు బదులు వేరే సరుకు ఇస్తామన్నారు. కంపెనీ వెనక వైపున నిజమే ముద్రించింది కాబట్టి తమ తప్పేమీ లేదన్నది వారి వాదన. కానీ అరపై వేలాడుతున్న అట్టను రాసింది కంపెనీ కాదు, ఆ దుకాణం వారే. దాని మీద “1 లీ.” అనీ, “పల్లీ నూనె” అనీ రాసి అమ్మినప్పుడు ఆ రెండు మాటలకూ జవాబు చెప్పవలసింది వారే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక్కడ గ్రాములకూ లీటర్లకూ ఉన్న సంబంధం స్పష్టంగా తెలియాలి, ఎందుకంటే మోసమంతా ఆ సందులోనే జరుగుతోంది. నూనె నీటి కంటే తేలిక. మన ఇళ్లలో ఉండే మామూలు వేడిమిలో లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. కాబట్టి ప్యాకెట్‌పై 910 గ్రాములు అని ఉంటే అది నిజమైన లీటరు. 800 గ్రాములంటే దాదాపు 880 మిల్లీలీటర్లు మాత్రమే. వేడి చేస్తే నూనె వ్యాకోచిస్తుంది కాబట్టి, 60 డిగ్రీల వేడి దగ్గర కొలిచిన లీటరు 900 గ్రాముల కంటే తక్కువే తూగుతుంది. కొందరు తయారీదారులు ఇలా ఎక్కువ ఉష్ణోగ్రతను రాసి తక్కువ బరువు నింపుతున్నారని గమనించే, 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణాన్ని, దానితో పాటు బరువును ముద్రించాలని నూనె కంపెనీలను ఆదేశించింది.

ఇంతకు ముందు వంటనూనె, పప్పులు, పిండి, టీపొడి, సబ్బులు వంటి కొన్ని సరుకులను నిర్ణీత పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలన్న నియమం ఉండేది. ప్యాకెట్లలో అమ్మే సరుకులకు వర్తించే ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలను 2021లో సవరించి ఆ నియమాన్ని తీసివేశారు. దానికి బదులుగా గ్రాముకు లేదా కిలోకు, మిల్లీలీటరుకు లేదా లీటరుకు ఎంత పడుతుందో ప్యాకెట్‌పై ముద్రించాలన్నారు. ఉద్దేశం మంచిదే. అయితే ఆ యూనిట్ ధరను గరిష్ఠ చిల్లర ధర మీద లెక్కకట్టి వేస్తారు, దుకాణంలో ఇచ్చే తగ్గింపు ధర అందులో కనిపించదు. పైగా కిలోకు తక్కువైన ప్యాకెట్‌పై గ్రాముకు ఇన్ని పైసలని ఉంటుంది, అది చూసి నిలబడిన చోట పోల్చుకోవడం చాలామందికి కష్టం. నేను ఇప్పుడు ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో, అడిగిన ధరను గ్రాములతో భాగించి 910తో గుణిస్తున్నాను. మేము కొన్న ప్యాకెట్‌కు ఆ లెక్క వేస్తే 145ను 800తో భాగించి 910తో హెచ్చించగా రూ.165 వచ్చింది. పక్క అరలోని అసలైన పల్లీ నూనె లీటరు రూ.160. అంటే 15 రూపాయలు ఆదా అని చూపించి, లీటరుకు 5 రూపాయలు అదనంగా తీసుకుని, అందులోనూ ఐదింట నాలుగు వంతులు పామోలిన్ అంటగట్టారు.

మిశ్రమ నూనె అమ్మడం చట్టవిరుద్ధం కాదన్న మాట కూడా న్యాయంగా చెప్పాలి. రెండు వంటనూనెలను కలిపి అమ్మవచ్చు. వాటిలో ఏ నూనె అయినా 20 శాతానికి తగ్గకూడదు, దేని పాలు ఎంతో బరువు లెక్కన ప్యాకెట్‌పై రాయాలి, సీలు వేసిన ప్యాకెట్లలోనే అమ్మాలి, విడిగా కొలిచి అమ్మకూడదు. ఖరీదైన నూనె సరిగ్గా 20 శాతమే ఎందుకు ఉంటోందో దీన్నిబట్టి మీకే అర్థమవుతుంది. ఈ నూనె విషమేమీ కాదు, రోజువారీ కూరలకూ పూరీలకూ పనికి వస్తుంది, మేము కూడా మిగిలినదాన్ని అలాగే వాడేస్తున్నాం. కానీ పామోలిన్ ధరకు కొనవలసినదాన్ని పల్లీ నూనె ధరకు కొనడం ఎందుకు? ఆవకాయ సంగతి వేరు. ఊట దిగాక జాడీలో ముక్కలు మునిగి పైన నూనె నిలవాలి, లేకపోతే బూజు పడుతుంది. ఇన్ని లీటర్లని లెక్కపెట్టి కొన్న ఇంట్లో ప్రతి ప్యాకెట్‌లోనూ 120 మిల్లీలీటర్లు తగ్గితే, ఎనిమిది ప్యాకెట్లకు దాదాపు లీటరు నూనె లోటు పడుతుంది. పామోలిన్ చలికాలంలో పేరుకుని జాడీలో తెల్లగా గడ్డలు కడుతుంది కూడా. అందుకే మా అత్తమ్మ ఆ నూనెను పచ్చడిలో కలపనివ్వలేదు.

ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకడితే కల్తీ, లేకపోతే అసలు అని చాలామంది చెబుతుంటారు. దయచేసి దాన్ని నమ్ముకోవద్దు. ఫ్రిజ్ చల్లదనానికి అసలైన పల్లీ నూనె కూడా మసకబారి చిక్కబడుతుంది. వాసన చూసి తేల్చడమూ రిఫైన్డ్ నూనె విషయంలో కుదరదు, ఎందుకంటే శుద్ధి చేసేటప్పుడే వాసన పోతుంది. కొనేముందు ప్యాకెట్ వెనక చదవడమే అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.

చదవడానికి లేబులే ఉండని గానుగ నూనె సీసాల విషయంలో మరో లెక్క ఉపయోగపడుతుంది. గానుగలో లీటరు పల్లీ నూనె రావాలంటే సుమారు రెండుంబావు నుంచి రెండున్నర కిలోల గింజలు ఆడించాలి. మీ ఊళ్లో గింజల కిలో ధరను ఆ బరువుతో హెచ్చించి చూడండి. నూనె తీశాక మిగిలే పల్లీ చెక్కను అమ్మగా వచ్చే డబ్బును తీసేసినా, గింజల ఖరీదు కంటే తక్కువకు “స్వచ్ఛమైన గానుగ నూనె” ఇస్తున్నారంటే అందులో వేరే నూనె కలిసే ఉంటుంది. విడి నూనె అమ్మకంపై ఉన్న నిషేధం కూడా ఇటువంటి కల్తీ కారణంగానే వచ్చింది.

నువ్వుల నూనె కొనేవారు మరొక విషయం గమనించాలి. దీపారాధన నూనె ప్యాకెట్లను అదే రంగులో, అదే పరిమాణంలో తయారుచేసి, కొన్ని దుకాణాల్లో వంటనూనెల పక్కనే పెడుతున్నారు, ధర బాగా తక్కువ ఉంటుంది. తినడానికి పనికిరాని ఇటువంటి పూజా నూనె, పూజా నెయ్యి ప్యాకెట్లపై నల్లని చదరపు గడిలో నల్లని ఇంటూ గుర్తు వేయాలన్నది నియమం. ఆ గుర్తు కనిపిస్తే వంటింట్లోకి తేకండి. కళ్లు సరిగా కనిపించని పెద్దవారిని ఒంటరిగా దుకాణానికి పంపేవారు ఈ గుర్తు గురించి వారికి ముందే చెప్పాలి.

పెళ్లిళ్లకూ వ్రతాలకూ డబ్బాలతో కొనేవారికి నష్టం ఇంకా ఎక్కువ. డబ్బాలు చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ, ఒకటి 15 కిలోలది, మరొకటి 15 లీటర్లది. 15 లీటర్ల నూనె 13.65 కిలోలే తూగుతుంది. 15 కిలోల డబ్బాలోనైతే దాదాపు 16.5 లీటర్లు ఉంటుంది. ఫోన్‌లో “డబ్బా ఎంత?” అని అడిగితే చాలాచోట్ల లీటర్ల డబ్బా ధరే చెబుతారు, కాబట్టి కిలోలా, లీటర్లా అని తప్పకుండా అడగండి.

ఇప్పటికే ఇలా మోసపోయినవారు ఊరుకోవద్దని నా మనవి. బిల్లు, ఖాళీ ప్యాకెట్ దాచండి. అరపై ఉన్న అట్టను, ప్యాకెట్ వెనక భాగాన్ని విడివిడిగా ఫోటో తీయండి, అట్టను వారు మార్చేశాక రుజువు దొరకదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. పరిమాణం విషయం తూనికలు కొలతల శాఖ చూస్తుంది, కల్తీ అనుమానమైతే ఆహార భద్రతా అధికారికి చెప్పాలి, అప్పుడు ప్యాకెట్‌పై ఉన్న 14 అంకెల లైసెన్సు నంబరు అడుగుతారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, రూ.5 లక్షల వరకు విలువైన కేసులకు ఫీజు లేదు. మేము 1915కు ఫిర్యాదు ఇచ్చిన తరువాత ఆ దుకాణం వారు విప్పని ప్యాకెట్లకు డబ్బు వాపసు ఇచ్చి, అట్టపై “1 లీ.” కొట్టేసి “800 గ్రా.” అని రాశారు. “పల్లీ నూనె” అన్న మాట మాత్రం ఇంకా తీయలేదు, దాని గురించి మరో ఫిర్యాదు పంపాం.