పురపాలక సంఘం మన మాట అడిగితే: అర్జీనా, వార్డు సభా, ఫోను సర్వేనా?

చిన్న పట్టణాల్లో పాలకవర్గం జనాభిప్రాయం అడిగే దారులు ముఖ్యంగా మూడు. ముసాయిదా ప్రకటించి, ఫలానా తేదీలోగా అభ్యంతరాలు రాసివ్వమనడం ఒకటి. వార్డులో సభ పెట్టడం రెండోది. ఫోనులో నాలుగు ప్రశ్నలకు జవాబు నొక్కమనడం మూడోది. మూడింటినీ ప్రజాభిప్రాయ సేకరణ అనే అంటారు గానీ, వాటి బలాబలాల్లో చాలా తేడా ఉంది. నేను మొగ్గేది వార్డు సభ వైపు, అదీ ప్లాను గీయకముందే పెట్టే సభ వైపు. భూమి, పన్ను విషయాల్లో మాత్రం సభలో మాట్లాడి ఊరుకోకుండా కాగితం కూడా ఇచ్చి తీరాలి.

కామారెడ్డి సంగతి చూడండి. 2022 చివర్లో ఆ పట్టణ మాస్టర్ ప్లాన్, అంటే ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే పటం, ముసాయిదాగా బయటికి వచ్చింది. అభ్యంతరాలకు 2023 జనవరి 11 దాకా గడువిచ్చారు. చట్టం అడిగిన తంతు సాగుతూనే ఉంది. కానీ అప్పటికే చుట్టుపక్కల గ్రామాల సాగు భూములు పటంలో పారిశ్రామిక జోన్ కింద చేరిపోయాయి. రైతులు రోడ్డెక్కారు, కలెక్టరేట్‌ను ముట్టడించారు. ఒక రైతు ప్రాణమే తీసుకున్నాడు. చివరకు జనవరి 20న పాలకవర్గం అత్యవసరంగా సమావేశమై ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే నెలలో జగిత్యాల కౌన్సిల్ కూడా తమ పట్టణ ముసాయిదా మీద ఇలాంటి తీర్మానమే చేసింది. ఆ పొలాల గట్ల మీద ముందుగా ఒక్కొక్క సభ పెట్టి, "ఇక్కడ పరిశ్రమలు వస్తే మీకు సమ్మతమేనా?" అని అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. పటం మీద రంగులు పడ్డాక అడిగితే, అప్పటికే అంతా తేల్చేశారన్న అనుమానమే జనంలో ముందు లేస్తుంది.

అలాగని అర్జీని తక్కువ చేయలేం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం సవరించి, ఇంటి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు, అంటే స్థలం, కట్టడం విలువకు మార్చారు. అలాంటి మార్పు వచ్చినప్పుడు సభలో ఎంత గొంతెత్తినా మీ ఇంటి లెక్క మారదు. కొలత తప్పు పడిందంటే డోరు నంబరు, అసలు కొలతలు, పాత పన్ను రసీదు జత చేసిన అర్జీయే అక్కరకొస్తుంది. దానికి ఇన్వార్డు నంబరు, అంటే ఆఫీసు రిజిస్టరులో నమోదు నంబరు పడుతుంది, రేపు అప్పీలుకు వెళ్లినా చూపించడానికి ఆధారం ఉంటుంది. అయితే సర్వే నంబర్లు, జోన్ల పేర్లు నిండిన ప్రకటనను చదివి అర్థం చేసుకోగలిగేవారు ఊళ్లో ఎందరు? నోటీసు బోర్డు మీద అంటించి చేతులు దులుపుకుంటే, వకీలు తెలిసినవాళ్లే అర్జీలు రాస్తారు.

సభలో తెలిసేవి కాగితం మీద ఎప్పటికీ తెలియవు. మా పట్టణంలో ఒక సందులో కొత్త మురుగు కాలువ గురించి ఆ సందులోనే జనాన్ని కూర్చోబెట్టారు. ఇంజనీరు చేతిలోని ప్లానులో కాలువ తూర్పు వైపు ఉంది. ఒక పెద్దావిడ ఆయన్ను తన ఇంటి గోడ దగ్గరికి తీసుకెళ్లి, మోకాలెత్తున ఉన్న మట్టి చారను చూపించింది. "వాన పడితే నీళ్లు ఆ పడమటి మిట్ట మీంచే దిగుతాయి బాబూ. కాలువ తూర్పున తవ్వితే ఇటున్న మా ఇళ్లు మునుగుతూనే ఉంటాయి" అంది. ఆయన టేపు తీసి ఆ చార ఎత్తు కొలిచి, ప్లాను అంచున రాసుకున్నాడు. ఆవిడ అర్జీ రాసే మనిషి కాదు.

ఇంత విలువైన సభకు పట్టణాల్లో గట్టి పునాది లేకపోవడమే నా బాధ. గ్రామసభకు రాజ్యాంగంలో చోటుంది. 74వ సవరణ మాత్రం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. చిన్న ఊళ్లను రాష్ట్ర చట్టాలకే వదిలేసింది. తెలంగాణ 2019 చట్టంలో ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు పెట్టారు. ఒక్కో దానిలో 15 మంది చొప్పున వార్డుకు 60 మంది. మంచి ఆలోచనే, కానీ వాళ్లు నియమితులు. కేరళ 1994 చట్టం ప్రకారం లక్షకు మించని జనాభా ఉన్న పట్టణంలో వార్డు ఓటర్లందరూ వార్డు సభ సభ్యులే. ఈ రెండింటిలో కేరళ పద్ధతే మేలు. కౌన్సిలర్‌కు గిట్టని మనిషికీ అక్కడ నోరు విప్పే హక్కుంటుంది.

సభకు లోపాలు లేకపోలేదు. పనిరోజున పొద్దున పదింటికి ఫంక్షన్ హాలులో పెడితే కూలీలు రారు, మొదటి వరుసలో కూర్చునేది పార్టీల వాళ్లే. ఆదివారం సాయంత్రం ఆ వీధి కూడలిలోనే పెట్టాలి, ఆడవాళ్లను ముందు మాట్లాడనివ్వాలి. విన్నవన్నీ అక్కడికక్కడే రాసి చదివి వినిపించాలి.

ఇక ఫోను సర్వే. పట్టణాల పరిశుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పౌరుల స్పందనకు మార్కులున్నాయి, దాంతో ఊరికి ర్యాంకు తేవాలన్న తొందర మొదలవుతుంది. మా వీధికి వచ్చిన ఒకాయన మా ఫోన్లు అడిగి తీసుకుని, జవాబులు తానే నొక్కి, ఓటీపీ చెప్పించుకుని వెళ్లిపోయాడు. చెత్త బండి రోజూ వస్తోందా అన్న ప్రశ్నకు ఫోను సరిపోతుంది. చెత్త కుప్ప ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు పనికిరాదు.

మీ ఊళ్లో ఏదైనా ముసాయిదా వెలువడితే ముందు గడువు తేదీ చూసుకోండి. ఆలోగా వార్డులో సభ పెట్టమని కౌన్సిలర్‌ను, కమిషనర్‌ను రాతపూర్వకంగా అడగండి. సభ పెట్టినా, పెట్టకపోయినా మీ అభ్యంతరం రెండు ప్రతులు రాసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆఫీసువాళ్లు తీసుకోబోమంటే, రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి.