కర్నూలు నుంచి గోషామహల్ బారాదరికి: వెళ్లొచ్చా, వద్దా?

హైదరాబాద్ వెళ్లిన కర్నూలు వాళ్లం చార్మినార్, గోల్కొండ చూసుకుని తిరిగొస్తాం. గోషామహల్ బారాదరి ఎవరి లిస్టులోనూ ఉండదు. అది ఫ్రీమేసన్లనే సోదర సంఘం వాళ్లు సమావేశమయ్యే చోటు. దాన్ని వాళ్లు లాడ్జి అంటారు, బస చేసే లాడ్జి కాదు. మా బాబాయి స్నేహితుడొకాయన సభ్యుడు కావడంతో, ఆయన ముందే మాట్లాడిపెడితే మాకు పనైంది. తెలిసినవాళ్లు లేకుండా పోతే గేటు చూసి రావడమే.

ప్రయాణం సంగతి ముందు చెప్తాను. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ చౌకే గానీ, మన వైపు నుంచి మధ్యాహ్నం బయలుదేరి రాత్రికి సికింద్రాబాద్‌లో దింపుతుంది. గది తీసుకోక తప్పదు. మేము నాంపల్లిలో దిగినచోట ఆన్‌లైన్‌లో ఒక రేటు, కౌంటర్లో ఇంకో రేటు. వేడినీళ్లు ఏడింటికే బంద్. తెల్లవారుజామునే ఆర్టీసీ బస్సెక్కితే ఈ గోల ఉండదు. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే గోషామహల్ దగ్గరే.

ఈ భవనాన్ని 1682లో కట్టించింది తానీషా, అదే మన రామదాసును చెరలో పెట్టిన గోల్కొండ సుల్తాను. ఐదేళ్లకే, 1687లో, గోల్కొండ ఔరంగజేబు వశమైంది. కర్నూలు మొఘలుల చేతికి పోయిందీ ఆ ఏడాదే. 1872లో నిజాం ప్రభుత్వం దీన్ని ఫ్రీమేసన్లకు ఇచ్చింది. లోపల ఏం జరుగుతుందో తెలియక చుట్టుపక్కల జనం దయ్యాల కథలు అల్లారు. ఇక్కణ్ణించి గోల్కొండకు సొరంగం ఉందని ఆటో డ్రైవరు కూడా చెప్పాడు. నేనైతే నమ్మను.

లోపల దయ్యాలేమీ లేవు. నలుపు తెలుపు గళ్ల నేల, తూర్పున అధ్యక్షుడి కుర్చీ, గోడ మీద మూలమట్టం, కంపాసు. మన తాపీమేస్త్రీల పనిముట్లే గుర్తులయ్యాయి, ఎందుకంటే ఈ సంఘం మూలాలు రాతిపనివాళ్ల సంఘాల్లోనే ఉన్నాయంటారు. లండన్‌లో 1717లో మొదటి గ్రాండ్ లాడ్జి, అంటే లాడ్జిలన్నిటి మీదా ఉండే పెద్ద సంస్థ, పెట్టారు. కొన్నేళ్లకే ఈ సంఘం కలకత్తాకు వచ్చింది. మొదట్లో ఇది తెల్లదొరల క్లబ్బే. తర్వాత మనవాళ్లూ చేరారు. వివేకానందుడు సన్యాసం తీసుకోకముందు, 1884లో, కలకత్తా లాడ్జిలో చేరాడని బాబాయి స్నేహితుడు గర్వంగా చెప్పారు. మన దేశానికి సొంత గ్రాండ్ లాడ్జి వచ్చింది మాత్రం 1961 నవంబర్ 24న. లోపల మతం గురించీ రాజకీయాల గురించీ వాదనలు పెట్టుకోకూడదు. మా బావకు ఇదే నచ్చింది, మా ఇళ్లల్లో పెళ్లిళ్లకు కూడా ఈ రూల్ పెట్టాలన్నాడు. ఆడవాళ్లకు సభ్యత్వం లేదని తెలిశాక మా మరదలికి మాత్రం అస్సలు నచ్చలేదు.

గంటలో చూడటం అయిపోతుంది. అందుకే పక్కనే ఉన్న మొజంజాహీ మార్కెట్ కలుపుకోవాలి. 1935 నాటి రాతి కట్టడం, ఐస్‌క్రీం షాపులు. పిల్లలకు ట్రిప్ మొత్తంలో గుర్తున్నది ఇదొక్కటే.

దీనికోసమే కర్నూలు నుంచి రెండొందల కిలోమీటర్లు వెళ్లాలా? చరిత్ర పిచ్చి ఉంటే, లోపలికి తీసుకెళ్లే మనిషి దొరికితే వెళ్లండి. లేకపోతే హంద్రీ ఒడ్డున మన గోల్ గుమ్మజే నయం. 1618లో కట్టింది, బారాదరి కంటే పాతది, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. రెండు గుమ్మటాల కింద ఆ కమాన్ల వరండాలో సాయంత్రం ఎంతసేపైనా కూర్చోవచ్చు. బారాదరికే వెళ్తామంటే మాత్రం సభ్యుడితో ముందుగా మాట్లాడుకుని రోజు ఖాయం చేసుకోండి, సమావేశం ఉన్న రోజున బయటివాళ్లను రానివ్వరు. హాల్లో ఫోటోలు తీసేముందు అడగండి.