ఎండాకాలం అడవి పూలకు పది రెట్ల లెన్స్: కొన్నేళ్లు వాడాక

అడవి పూలు గుర్తుపట్టడం మొదలుపెడతాం, ఏం కొనమంటారు అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. జేబులో పట్టే పది రెట్ల మడత లెన్స్. నగల కొట్లో రాళ్లు చూడటానికి కన్నుకు పెట్టుకుంటారే, అదే. నాది ఏ గొప్పా లేని సాదా రకం, ఐదారు వందల లోపే వచ్చింది. మార్చి నుంచి జూన్ దాకా మెడలో తాడుకు వేలాడుతూనే ఉంటుంది. ఇంట్లో దాన్ని నా తాయెత్తు అంటారు.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. చవక లెన్సుల మీద "30 రెట్లు" అని చెక్కి ఉంటుంది. పది రెట్ల లెన్స్‌కు వస్తువు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటే స్పష్టంగా కనిపిస్తుంది. నిజంగా ముప్పై రెట్లయితే ఆ దూరం సెంటీమీటరు కూడా ఉండదు, పువ్వు అద్దానికి తగిలినంత పనవుతుంది. స్కేలు పెట్టి చూస్తే బండారం బయటపడుతుంది. నాదాని మీదా ముప్పై అనే ఉంది, కానీ అది పదే. పూలకు పది చాలు కాబట్టి నాకు బాధ లేదు. చాలామంది దీన్ని పేపరు చదివే భూతద్దంలా దూరంగా పట్టుకుని "ఏమీ కనబడట్లేదు" అంటారు. లెన్స్‌ను కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టి, పువ్వునే దాని దగ్గరికి తీసుకురావాలి. కళ్లజోడు తీయక్కర్లేదు.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది నల్లమలలో, మన్ననూరు దాటాక. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ కొడిశపాల, అంకుడు రెండూ పూస్తాయి. రెండిటికీ తెల్లపూలే, అయిదేసి రెక్కలే, కొమ్మ విరిస్తే పాలే, జంట కాయలే. ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్ ఒకటి నా ఫోన్‌లో ఉంది. ఒకే చెట్టును రెండు వైపుల నుంచి తీసి ఇస్తే ఒకసారి ఇదంటుంది, ఇంకోసారి అదంటుంది. లెన్స్ కింద పెడితే మాత్రం వాదనే ఉండదు. అంకుడు పువ్వు నడిమధ్యలో కుచ్చులా చీలిన సన్నటి తెల్లటి అంచులు లేచి ఉంటాయి. వాటి మధ్య నుంచి కేసరాలన్నీ ఒకదానికొకటి ఒరిగి, మొనదేలిన శంకువులా బయటికి పొడుచుకొస్తాయి. కొడిశపాలకు ఆ కుచ్చు లేదు, కేసరాలు పైకి కనిపించవు. పూగొట్టాన్ని గోటితో చీలిస్తే లోపల అడుగున దాక్కుని ఉంటాయి. విరేచనాలకు మందుగా బెరడు వాడేది కొడిశపాల. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది అంకుడు కర్రతో. ఊళ్లల్లో పాలకొడిశ అన్న పేరు దీనికీ దానికీ కూడా వాడేస్తారు కాబట్టి అడిగి తెలుసుకున్నా ఒక్కోసారి తేలదు.

అది పులుల అభయారణ్యం, పువ్వు కోయకూడదు. అవసరమూ లేదు. ఈ రెండు చెట్ల పూలలో కేసరాలు పూగొట్టానికే అంటుకుని ఉంటాయి, రాలినప్పుడు వాటితో సహా రాలతాయి. కింద పడ్డది ఏరుకుంటే సరిపోతుంది. రేలతో ఆ సుఖం లేదు. దాని పసుపు రేకులు విడివిడిగా రాలతాయి. చెట్టు కింద తివాచీ పరిచినట్టుంటుంది గానీ చూడాల్సిన కేసరాలు అందులో ఉండవు. వంగిన కొమ్మ దొరికితే చూడండి: పది కేసరాల్లో మూడు పొడుగ్గా పైకి వంపు తిరిగి ఉంటాయి, మిగతావి పొట్టివి.

మరీ దూరం వెళ్లలేనివాళ్లకు జిల్లేడు చాలు, ఖాళీ స్థలం ఉన్నచోటల్లా ఉంటుంది. పువ్వు నడుమ ఉన్న అయిదు పలకల కిరీటం పైభాగంలో సన్నటి నిలువు చీలికలు ఉంటాయి. గుండుసూది మొనను అందులో పెట్టి మెల్లగా పైకి లాగితే, ముదురు రంగు చిన్న క్లిప్పు, దానికి వేలాడే రెండు పసుపు సంచులు సూదికి తగులుకుని వస్తాయి. పుప్పొడి మొత్తం ఆ సంచుల్లోనే. తుమ్మెద కాలు ఆ చీలికలో ఇరుక్కున్నప్పుడు జరిగేదీ ఇదే. ఒక్క జాగ్రత్త: జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. ఈ లెన్స్ పట్టేదే కంటి దగ్గర కదా. చేతులు కడుక్కున్నాకే ముఖం తుడుచుకోండి.

విష్ణుక్రాంతం కోసం ఉదయం ఎనిమిదిలోపే వెళ్లాలి, ఎండ ముదిరితే ముడుచుకుంటుంది. నేలను అంటుకుని పాకే మొక్క, చొక్కా గుండీ కంటే చిన్న నీలం పువ్వు, ఆకుల నిండా పట్టులాంటి నూగు. మోకాళ్ల మీద కూర్చోక తప్పదు, పల్లేరు కాయలు లేని చోటు చూసుకోండి.

లెన్స్ చెప్పలేనిది ఒకటుంది. ఈ మొక్క మన నేలదా, బయటి నుంచి వచ్చిందా అన్నది. మే నెలంతా ఎర్రగా మండే తురాయి మడగాస్కర్‌ది. బ్రహ్మదండి, గడ్డిచామంతి, లాంటానా, వయ్యారిభామ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. శాస్త్రీయ నామం తేలాక, లండన్‌లోని వృక్షశాస్త్ర తోట క్యూ గార్డెన్స్ వాళ్ల వెబ్‌సైటు "ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్"లో కొడితే పుట్టిల్లు ఎక్కడో మ్యాప్‌తో సహా వస్తుంది.

లోపాలూ ఉన్నాయి. మడత దగ్గర స్క్రూ ఏడాదికోసారి వదులవుతుంది. దుమ్ము పడ్డప్పుడు చొక్కా అంచుతో తుడిస్తే గీతలే, ముందు ఊదాలి. లైటు ఉన్న రకం ఎండాకాలంలో దండగ, బ్యాటరీ బరువు తప్ప ఒరిగేదేమీ లేదు. ఎండలో తెరిచి ఎండుటాకుల మీద పెట్టి మాత్రం మర్చిపోవద్దు, అడవి అంటుకోవడానికి అంత చాలు.

మోదుగ, బూరుగ, కొండగోగు పూలే మీకు ఇష్టమైతే ఇది కొనకండి. అవి పూసేది చెట్టు పైన, అందనంత ఎత్తులో. ఆ డబ్బుకు ఇంకొంత వేసి బైనాక్యులర్ కొనుక్కుని, ఏప్రిల్ రాకముందే బయల్దేరండి.