బలహీన సిగ్నల్‌కి ఏది తోడు: నాయిసా, వైబ్రేషనా?

విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఫిట్జ్‌హ్యూ–నగుమో సర్క్యూట్ (నరకణం తీరుని అనుకరించే సర్క్యూట్) కడదామనుకునే పిల్లలకి నా సలహా: నాయిస్ (క్రమం లేని అలజడి) తర్వాత చూసుకోవచ్చు, ముందు వైబ్రేషన్‌తో (సిగ్నల్ కన్నా వేగంగా, క్రమంగా ఊగే ఇంకో అల) మొదలుపెట్టండి.

ఈ సర్క్యూట్ నరకణం లాంటిది. ఇన్‌పుట్ హద్దు దాటేదాకా ఉలకదు పలకదు. దాటిందంటే నిండు పల్స్ ఒకటి ఇచ్చి, తేరుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. మన గట్ల మీద ముడుచుకునే అత్తిపత్తిదీ ఇదే స్వభావం. జగదీశ్ చంద్ర బోస్ దాని స్పందనలని ఎంతో శ్రద్ధగా కొలిచారు. హద్దుకి కిందే ఉండిపోయే 5 హెర్ట్జ్ సిగ్నల్‌ని పైకి లేపడం ఎలా అన్నదే ప్రశ్న.

నాయిస్ మార్గం పాతది: తగినంత నాయిస్ కలిపితే అదే బలహీన సిగ్నల్‌ని అప్పుడప్పుడూ హద్దు దాటిస్తుంది. మంచు యుగాలు సుమారు లక్ష ఏళ్లకోసారి ఎందుకొస్తాయో చెప్పడానికి 1981లో బెంజీ, సుటేరా, వుల్పియాని ఈ ఆలోచన వాడారు. 1993లో క్రేఫిష్ (రొయ్య లాంటి మంచినీటి జీవి) నరకణాల్లోనూ అది కనిపించింది. బల్ల మీదకొచ్చేసరికే తిప్పలు. పల్సులు ప్రతిసారీ వేరే చోట పడతాయి కాబట్టి ఎన్నో రన్‌ల సగటు తీయాలి. పైగా ల్యాబ్ వైరింగ్ నుంచి చేరే 50 హెర్ట్జ్ హమ్‌ని చాలామంది నాయిస్ కింద లెక్కేస్తారు. అది క్రమం తప్పని సిగ్నల్. దాన్ని తీసేయకుండా వదిలేస్తే మీ గ్రాఫంతా అదే గీస్తుంది.

వైబ్రేషన్ మార్గాన్ని 2000లో లాండా, మెక్‌క్లింటాక్ చూపించారు. ఫంక్షన్ జనరేటర్ చాలు, ఎన్నిసార్లు చేసినా దాదాపు అదే ఫలితం. సిగ్నల్ ఎత్తులో ఉన్నప్పుడు వైబ్రేషన్ శిఖరం తోడై హద్దు దాటిస్తుంది. వైబ్రేషన్ ఎత్తు (ఆంప్లిట్యూడ్) చాలకపోతే పల్స్ రాదు, మరీ పెంచితే సిగ్నల్‌తో సంబంధం లేకుండా పల్సులు కొడుతూనే ఉంటుంది.

అయితే ఫ్రీక్వెన్సీ ఎంత ఎక్కువైతే అంత మేలు అనుకోకండి. వ్యవస్థ అందుకోలేనంత వేగంగా ఊపితే ఆ ఊపు సగటు సున్నా అయిపోతుంది, కానీ దాని వర్గం సగటు సున్నా కాదు. మోడల్ సమీకరణంలోని క్యూబిక్ (ఘన) పదం గుండా అది లోపలికొచ్చి, పల్స్‌కి ప్రాణమైన లీనియర్ పదాన్ని తగ్గిస్తుంది. అప్పుడు లెక్కలోకి వచ్చేది వైబ్రేషన్ ఎత్తుకీ దాని ఫ్రీక్వెన్సీకీ ఉన్న నిష్పత్తి. ఆ నిష్పత్తి పెరిగేకొద్దీ పల్సులు తగ్గి, ఒక స్థాయి దాటాక పూర్తిగా ఆగిపోతాయని 2006లో ఈ మోడల్ మీదే తేల్చారు. తగినంత నాయిస్ ఉంటే మాత్రం అక్కడా రెజొనెన్స్ (ఒక స్థాయి వైబ్రేషన్ దగ్గర సిగ్నల్ స్పందన అన్నిటికన్నా పెరగడం) కనిపిస్తుంది.

శరీరం సంగతి వేరు. అక్కడ నేను నాయిస్ వైపే. సమాంతరంగా ఎన్నో సెన్సార్లు ఉన్నచోట నాయిస్‌ని కచ్చితంగా ట్యూన్ చేయక్కర్లేదని 1995లో కొలిన్స్ బృందం చూపించింది. నాయిస్‌తో సన్నగా కంపించే ఇన్‌సోల్స్ (బూట్ల లోపలి అట్టలు) మీద నిలబడితే వృద్ధుల బ్యాలెన్స్ మెరుగైందని 2003లో తేలింది.

మీ సర్క్యూట్‌కి మాత్రం 50 గుణిజం కాని ఫ్రీక్వెన్సీ ఒకటి పట్టుకుని, ఎత్తు కొంచెం కొంచెంగా పెంచుతూ 5 హెర్ట్జ్ స్పందనని గీయండి. టైం మిగిలితే ఫ్రీక్వెన్సీ బాగా పెంచి, ఎత్తుని అంతకన్నా ఎక్కువ పాళ్లలో పెంచుతూ పోయి, పల్సులు ఆగేచోట జీనర్ డయోడ్ నుంచి వచ్చే నాయిస్ కాస్త కలిపి చూడండి.